సాసర్లో పోసుకోని చాయ్

షోరూములో కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలోనే నన్ను ఒక మాట అడిగేవాళ్ళు. "కాకా, గిరాకీని ఎట్ల పడగొట్టాలె?" పడగొట్టడమంటే బేరం ముగించి సంతకం పెట్టించడం. ముప్పై ఏళ్ళకు పైగా సూరత్‌లో మూడు చక్రాల బండ్లు అమ్మి, పోయిన ఎండాకాలం రిటైరయ్యాను. పడగొట్టడం నాకు బాగానే వచ్చు. పడ్డవాడు మళ్ళీ లేచాడా లేదా అని చూడటమే చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఆ ఆలస్యం తగ్గుతుందేమోనని ఇది రాస్తున్నాను.

నా పేరు రాజేశం. గుజరాతీ వాళ్ళకి రాజుభాయ్‌ని, మన వాళ్ళకి రాజన్నని. మా నాన్న సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బతుకంతా పనిచేశాడు. ఆ చప్పుడుకి సగం చెవుడు వచ్చింది. ఇంట్లో ప్రేమగా మాట్లాడినా అరిచినట్టే ఉండేది. "నువ్వు మాత్రం సాంచె మీదికి రాకురా" అని కూడా అరిచే చెప్పాడు. తెలుగు బడిలో చదివి, వీధిలో హిందీ, గుజరాతీ నేర్చుకున్న నన్ను ఒక షోరూము వాళ్ళు తెలుగు గిరాకీతో మాట్లాడటానికి పెట్టుకున్నారు. అక్కడి నుంచి కదల్లేదు.

మేము అమ్మింది రెండు రకాలు. మనుషులెక్కే ఆటోలు, సామాను మోసే లోడర్లు. లోడరంటే ముందు మోటారుసైకిల్ హ్యాండిల్, వెనక రెండు చక్రాల మీద తొట్టి. సూరత్‌లో బట్ట కదిలేది చాలావరకు దీని మీదే. ఊరి శివారు జోల్వాలో నేసిన బట్ట థాన్లు మార్కెట్‌కి రావాలన్నా, మార్కెట్‌లోని చీరలు లేసు కుట్టే ఆడవాళ్ళ ఇళ్ళకి చేరాలన్నా ఆ తొట్టి కావాలి.

ధర అనే ఆటబొమ్మ

ముందు మా వైపు గుట్టు ఒకటి విప్పుతాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ.

డీలర్ దగ్గర బేరం ధర మీద జరుగుతుందని కొనేవాళ్ళు అనుకుంటారు. ధర మేము ఇచ్చే ఆటబొమ్మ. మీరు గంటసేపు కొట్లాడి నాలుగు వేలు తగ్గిస్తారు. మేము తల పట్టుకుంటాం, సేఠ్ గదిలోకి వెళ్ళి వస్తాం, "మీ కోసం ఒప్పించాను" అంటాం. గదిలో సేఠ్ పేపరు చదువుకుంటూ ఉంటాడు, నేను మంచినీళ్ళు తాగి బయటికి వస్తాను. ఆ నాలుగు వేలు అప్పటికే ఇన్సూరెన్సులో, టార్పాలిన్‌లో, ముందు బంపర్‌లో, "రిజిస్ట్రేషన్ ఖర్చులు" అనే ఒక గీత కింద కూర్చుని ఉంటాయి. మీరు ముందు తలుపు దగ్గర కాపలా కాస్తే పిల్లి కిటికీలోంచి పోతుంది.

దీన్ని నేను మోసమని అనను, మంచిదనీ అనను. మా సేఠ్ మన్‌సుఖ్‌భాయ్ సౌరాష్ట్ర మనిషి. ఆయన మాట ఒకటుండేది. "గెలిచానని గిరాకీ నవ్వుతూ పోవాలి, మనం నవ్వు కనపడకుండా కూర్చోవాలి." ధర చెప్పాక నోరు మూసుకోమని, ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడని ఆయనే నేర్పాడు. ఎంత బాగా నేర్చుకున్నానంటే, మాట్లాడాల్సిన చోట కూడా నోరు మూసుకున్నాను. ఆ సంగతికే వస్తున్నాను.

సాంబారు పరీక్ష

దానికి ముందు, మమ్మల్ని నిజంగా ఓడించినాయన గురించి చెప్పాలి. ఆయనది అమ్రోలిలో ఇడ్లీ వ్యాపారం, రాజమండ్రి వైపు మనిషి. బండి చూడటానికి గిన్నెడు సాంబారుతో వచ్చాడు. దాన్ని తొట్టిలో పెట్టి, పక్కన నిండు గ్యాస్ సిలిండర్ పెట్టి, "పదండి, తిప్పండి" అన్నాడు. ధర ఎంతని అడగనే లేదు. రెండు స్పీడ్ బ్రేకర్లు దాటాక దిగి మూత తీసి చూశాడు. సాంబారు సగం తొట్టిలో ఉంది.

"నాకు కావాల్సింది బండి కాదండీ, నా సాంబారు నా గిన్నెలో ఉండటం" అన్నాడు.

వేరే స్ప్రింగులున్న బండి తెప్పించేదాకా వారం రోజులు ఓపిగ్గా ఆగాడు. తొట్టి కడుక్కున్నది నేనే. ఆ రోజు విసుక్కున్నానుగానీ, ఇంత చక్కగా బండి కొన్న మనిషిని మళ్ళీ చూడలేదు. బండి మీద రోజూ జరిగే పనేదో దాన్ని షోరూము దగ్గరే చేయించి చూడాలి. ఇంతకన్నా పెద్ద బేరం లేదు. ఇది నాకు తెలుసు. తెలిసీ తప్పు చేశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

పెద్దమనిషి, పసుపు చీటీ

సాంచెల మీద పనిచేసే మన వాళ్ళు బండి కొనడానికి వచ్చే తీరు వేరు. ఒక్కడు రాడు, అయిదారుగురు వస్తారు. అందులో ఒక పెద్దమనిషి ఉంటాడు. బేరమంతా ఆయనదే. అసలు కొనేవాడు పెళ్ళిచూపుల్లో పిల్లలాగా ఒక మూల తలవంచుకుని కూర్చుంటాడు. పెద్దమనిషి ఉండగా తాను మాట్లాడటం మర్యాద కాదు. పెద్దమనిషికేమో ధర తగ్గించడమే పరువు. ధర తగ్గిందా, ఆయన మీసం మీద చెయ్యి వేసుకుంటాడు, అందరూ లేస్తారు. రోజూ ఆ బండి తోలేవాడికి ఏం కావాలో ఎవరూ అడగరు.

ఇంకోటి ఉంది. బేరానికి వచ్చేముందే అయ్యగారి దగ్గరికి వెళ్ళి పేరుబలం చూపించి, ముహూర్తం రాయించుకుని వస్తారు. అంచులకు పసుపు రాసిన ఆ చీటీ చొక్కా జేబులోంచి పైకి కనపడుతూ ఉంటుంది. ఆ పసుపు రంగు చూడగానే మాకు ప్రాణం లేచి వచ్చేది. ఫలానా రోజు, ఫలానా గంటకు బండి ఇంటి ముందు ఉండి తీరాలంటే ఆ మనిషి ఇంకో షోరూముకి పోలేడు, వచ్చే వారం వస్తాననలేడు. బేరానికి కూర్చోకముందే బేరం వాళ్ళ చేతిలోంచి పోయినట్టే. నమ్మకాన్ని నేను వెక్కిరించడం లేదు, మా ఇంట్లోనూ ముహూర్తం చూడందే కుక్కర్ కూడా కొనరు. చీటీ ఇంట్లో పెట్టి రమ్మంటున్నాను, అంతే.

ఓదెలు చాయ్

నాలుగేళ్ళ కిందట, దసరాకి రెండు రోజుల ముందు నర్సయ్య వచ్చాడు. మన వాళ్ళుండే పర్వత్ పాటియా పేటలో పంచాయితీలు తీర్చే పెద్దమనిషి. వెంట ఓదెలు, అతని భార్య సుగుణ, ఇద్దరు సాంచెల దోస్తులు. నర్సయ్య జేబులో పసుపు చీటీ ఉంది.

మా దగ్గర ఒక గ్యాస్ లోడర్ నాలుగు నెలలుగా కదలకుండా నిలబడి ఉంది. "ఈ నెలలోపు దీన్ని పంపించు రాజుభాయ్" అని సేఠ్ పొద్దున్నే అన్నాడు. సూరత్ అంతా అప్పుడప్పుడే కరెంటు లోడర్ల వైపు చూస్తోంది. అవి మా దగ్గరికి రావడానికి ఇంకా మూడు వారాలు పట్టేలా ఉంది.

సుగుణ తన ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్ళకి మార్కెట్ నుంచి చీరలు తెచ్చి, లేసు కుట్టించి, రాళ్ళు అంటించి తిరిగి ఇచ్చే పని చేసేది. సొంత బండి ఉంటే దీపావళి దాకా మొత్తం సరుకు ఆమెకే ఇస్తానని ఒక వ్యాపారి మాటిచ్చాడు. ఆమె పని పెడితే పదిహేను ఇళ్ళకి పని. ఓదెలు బండి తోలాలి. సాంచె పని మానేశాడన్నారు. ఎందుకు మానేశాడో నేను అడగలేదు.

బేరం మధ్యలో సుగుణ ఒక్కసారి మాట్లాడింది. "అన్నా, కరెంటు బండి లేదా? దానికి గేర్లుండయంట గదా?"

"మూడు వారాలు పడతదమ్మా. దసరాకి రాదు" అన్నాను.

"గట్లెట్లయితది బిడ్డా! ముహూర్తం ఎల్లుండి పది గంటల ఇరవైకి. నువ్వు జర ఊకో, నేను మాట్లాడుతున్న గదా" అన్నాడు నర్సయ్య.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ మా రెండో షోరూములో, అమ్రోలిలో, నడిపి చూసేందుకు ఒక కరెంటు బండి పెట్టి ఉంది. దాని మాట నేను ఎత్తలేదు.

ఇంతలో చాయ్ వచ్చింది. సూరత్‌లో బేరానికి చాయ్ ఉండాల్సిందే, చాయ్‌కి సాసర్ ఉండాల్సిందే. కప్పు ఒక చేత, సాసర్ ఒక చేత పట్టుకుని, పోసుకుని, ఊదుకుంటూ తాగాలి. ఇక్కడ పుట్టినవాళ్ళకీ, వచ్చి స్థిరపడ్డవాళ్ళకీ అదే అలవాటు. నలుగురూ పోసుకున్నారు. ఓదెలు పోసుకోలేదు. ఎడమ చెయ్యి ఒళ్ళో తువ్వాల కింద ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది.

ఎందుకో నేను ఆ తువ్వాల వైపే చూశాను. అది కొంచెం జారింది. చూపుడువేలు, నడిమివేలు లేవు. సాంచె పళ్ళచక్రం తినేసిన చెయ్యి ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి, గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు.

గ్యాస్ లోడర్‌కి క్లచ్ ఎడమ చేతికే ఉంటుంది. దాన్ని వేళ్ళతో గట్టిగా నొక్కిపట్టి, అదే పిడిని తిప్పుతూ గేర్లు మార్చాలి. నిండు తొట్టితో పర్వత్ పాటియా రద్దీలో నిమిషానికి నాలుగైదుసార్లు మార్చాలి. మూడు వేళ్ళతో అది రోజూ సాగే పని కాదు.

ఓదెలు నన్ను చూశాడు. చెప్పొద్దన్నట్టుగా కళ్ళు చిన్నగా మూసి తెరిచాడు. వేళ్ళు పోకముందు తీసుకున్న లైసెన్సు ఉంది, ఒకప్పుడు సేఠ్‌ల టెంపో నడిపినవాడు. చెయ్యి సంగతి తెలిస్తే లోన్ ఇవ్వరని ఎవరో చెప్పారట. అది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు అతను చెప్పొద్దన్నాడు, నాకూ కావాల్సింది అదే. అతని భయాన్ని అడ్డం పెట్టుకుని నేను నోరు మూసుకున్నాను.

నర్సయ్య చివరిదాకా కొట్లాడి ధర తగ్గించాడు. నేను తల పట్టుకున్నాను, సేఠ్ గదిలోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. ఎల్లుండి పది గంటల ఇరవైకి నాలుగు చక్రాల కింద పెట్టేందుకని ఎవరో నాలుగు నిమ్మకాయలు తెచ్చారు. మూడే చక్రాలని నేను జోక్ వేశాను. అందరూ నవ్వారు, సుగుణ తప్ప.

సుగుణ వచ్చిన రోజు

దసరా అయిన అయిదో రోజున సుగుణ ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"రెండు దినాలు తోలిండన్నా. మూడో దినం చెయ్యి బూరెలెక్క వాచింది. ఉధ్నా దిక్కు పోతుంటే క్లచ్ ఇడిసిపోయి ముంగటోన్ని గుద్దబోయిండు. దేవుని దయ, ఎవ్వలికేం కాలే. బండి ఇంటి ముంగటనే ఉన్నది. దసరా పూలు గూడ గట్లనే ఉన్నయి."

"డ్రైవర్‌ని పెట్టుకోరాదా?" అన్నాను. ఎంత తేలికగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"డ్రైవర్‌కిచ్చినంక మాకేం మిగుల్తదన్నా? సోమారం దాక జూస్తనన్నడు చీరల సేటు. గంతలోపు సరుకు తీస్కపోకుంటే ఇంకొగలకిస్తడట." కొంగుతో మొహం తుడుచుకుంది. "బండికి ముందుగట్టిన పైసలు ఏడియో ఎర్కేనా? ఆయన చేతి ఏళ్ళు పోయినప్పుడు కార్ఖానోళ్ళు ఇచ్చినయి. ఏళ్ళ పైసలన్నా అవి."

 చెయ్యి సంగతి ముందే చెప్పుంటే బాగుండేదని గొణిగాను.

అప్పుడామె నా మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు. "నువ్వు జూసినవ్ గదా అన్నా. ఆయన ఇంటికొచ్చినంక చెప్పిండు. సారు జూసిండు, అయినా ఏమనలే, అంటే నడుస్తదనే గదా అనుకున్న, అన్నడు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. నేను నోరు మూసుకోవడాన్ని ఆ మనిషి భరోసాగా తీసుకున్నాడు. ఇన్నేళ్ళు బండ్లు అమ్మినవాడు ఏమీ అనలేదంటే తనకి చేతనవుతుందేమోనని ఆశపడ్డాడు. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందెన్నడూ కలగలేదు.

గిరాకీ కుర్చీలో

సుగుణని పంపించి సేఠ్ గదిలోకి వెళ్ళాను. ఎప్పుడూ ఆయన పక్కన నిలబడేవాణ్ణి, ఆ రోజు బల్లకి ఇవతల, గిరాకీ కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. మన్‌సుఖ్‌భాయ్ కళ్ళద్దాల మీదుగా చూశాడు. ఆయన మాటలు గుజరాతీలోవి, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఏం రాజుభాయ్, బండి కొంటావా?"

"కొంటాను. ఓదెలు బండి వెనక్కి తీసుకోండి. వచ్చే మొదటి కరెంటు బండి వాళ్ళకివ్వండి. సోమవారానికి సరుకు ఎత్తకపోతే వాళ్ళ పని పోతుంది."

"రిజిస్ట్రేషన్ అయ్యాక అది పాత బండి. నీకు తెలియదా?"

"తెలుసు. అతని చెయ్యి నేను చూశాను, అదీ మీకు చెప్తున్నాను. చూసే అమ్మాను. ఇది మన షోరూము తప్పు కాదు, నాది."

ఆయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడు కదా. గోడ గడియారం చప్పుడు వింటూ ఇద్దరం కూర్చున్నాం. చివరికి నేనే ఓడిపోయాను.

"నా దీపావళి బోనస్ తీసుకోండి" అన్నాను.

"నీ బోనస్‌తో నేనేం చేసుకోను?" అన్నాడాయన విసుగ్గా. చాయ్ తెప్పించి, సాసర్లో పోసుకుని కూడా తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "మా బాపూ ఛకడో నడిపేవాడు. మా ఊళ్ళ వైపు బుల్లెట్ ఇంజనుకి తొట్టి కట్టిన మూడు చక్రాల బండి. చేతికి దెబ్బ తగిలిన నెల మా ఇంట్లో రొట్టెలు లెక్కపెట్టి చేసింది మా అమ్మ." సాసర్ ఎత్తి ఒక్క గుటకలో తాగాడు. "పాత బండికి గిరాకీని నువ్వే తీసుకురా. ధర తగ్గిన నష్టంలో సగం నాది, సగం నీది. మొదటి కరెంటు బండి వాళ్ళకి. కానీ సోమవారం సంగతేంటి? కరెంటు బండికి ఇంకా పది పన్నెండు రోజులుంది."

నేను అక్కడిదాకా ఆలోచించలేదు. "నేను తోలుతాను" అని నోటికొచ్చింది అనేశాను.

ఆయన ఆ రోజు నవ్వు దాచుకోలేదు. నాకప్పుడు యాభై ఆరు దాటాయి. ఇన్ని వందల లోడర్లు అమ్మానుగానీ, నిండు తొట్టితో ఒక్క రోజూ తోలలేదు. సోమవారం నుంచి పొద్దున ఆరింటికి వెళ్ళి, షోరూము తెరిచేలోపు రెండు విడతలు చీరల మూటలు వేసుకుని తిరిగాను. సుగుణ వెనక మూటల మీద కూర్చుని "అన్నా, జర మెల్లగ! అవి చీరలు, బియ్యం బస్తాలు గావు" అని కసురుతూ ఉండేది. మూడో రోజుకి నా అయిదు వేళ్ళూ ఉన్న చెయ్యే క్లచ్ మీద నొప్పి పుట్టింది. రాత్రి ముద్ద కలుపుకుంటూ ఓదెలు గురించి ఆలోచించాను. ఆ బండి గురించి కాగితాల మీద ఉన్నదంతా నాకు నోటికొచ్చు. ఆ బండి ఒక మనిషి చేతికి ఏం చేస్తుందో ఆ ఎనిమిది రోజుల్లోనే తెలిసింది.

పాత బండి అమ్మడానికి తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. నిన్నటిదాకా "ఇంతకన్నా మంచి బండి లేద"ని నేను పొగిడిన బండినే పదిమంది వంకలు పెట్టి చూశారు. చివరికి జోల్వాలో నూలు మోసే ఒకాయన తీసుకున్నాడు. ఆయన రెండు చేతులూ చూశాకే మాట్లాడాను.

ఈలోగా ఒక ఆదివారం ఓదెలుని అమ్రోలికి తీసుకెళ్ళి అక్కడి కరెంటు బండి ఎక్కించాను. వెనక తొట్టిలో చీరల మూటలు వేయించాను, సాంబారాయన పద్ధతిలోనే. ఓదెలు హ్యాండిల్ మీద ఎడమ చెయ్యి వేసి, నొక్కడానికి ఏదీ లేకపోవడంతో కాసేపు తడుముకున్నాడు.

"ఈ చెయ్యికేం పని లేదా రాజన్నా?"

"పట్టుకోవడమే పని."

"గదైతే వస్తది" అన్నాడు. నాలుగు రౌండ్లు కొట్టి వచ్చి దిగేటప్పుడు తువ్వాల సీటు మీదే మర్చిపోయాడు. లోన్ వాళ్ళకీ, ఆర్టీవో ఆఫీసులోనూ చెయ్యి చూపించే కాగితాలు చేయించుకున్నాం. కొంచెం ఎక్కువ తిరగాల్సి వచ్చింది, అంతే. ఎవరూ లేదనలేదు. అతను అంత భయపడి దాచిన చెయ్యిని వాళ్ళు ఒకసారి చూసి, రాసుకుని, తర్వాతి కాగితం తిప్పారు.

బండి దీపావళికి అయిదు రోజుల ముందు వచ్చింది. మంగళవారం. నర్సయ్య ఒప్పుకోలేదు. "మంగళారం బండి ఇంటికి తెస్తరా ఎవ్వలన్న? బేస్తారం దాక ఆగుండ్రి."

"పెద్దయ్యా, మొన్న మంచి ముహూర్తానికే తెచ్చుకున్నం గదా" అంది సుగుణ. "పది గంటల ఇరవైకి. ఆయన చెయ్యి జూస్కోలే మనమెవ్వలం. ఇయ్యాల చెయ్యికి పట్టిన బండి దొరికింది, గిదే మంచి దినం."

 నర్సయ్య లేచి వెళ్ళి నిమ్మకాయలు తానే తెచ్చాడు. లెక్కపెట్టి మూడే తెచ్చాడు.

ఆ తర్వాత

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. పెద్దమనిషికి నమస్కారం పెట్టి, కుర్చీ వేసి, తోలేవాళ్ళెవరో వాళ్ళని ముందు బండి ఎక్కించేవాణ్ణి. మోయబోయే సరుకు తెమ్మనేవాణ్ణి. జేబులో పసుపు చీటీ కనపడితే "అది ఇంట్ల పెట్టి రేపు రాండ్రి" అని పంపించేవాణ్ణి. కొన్ని బేరాలు పోయాయి. సేఠ్ గొణిగాడు. కానీ వచ్చినవాళ్ళు చుట్టాల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు, దాంతో ఆ గొణుగుడూ ఆగింది. చాయ్ మాత్రం మానలేదు. ఎవరి చాయ్ మీద మీగడ కడుతుందో చూస్తూ ఉండేవాణ్ణి. కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పగలిగింది ఇదే. గిరాకీ తన నోరు పెద్దమనిషికి అప్పగించి వస్తాడు, మీరు అతని చేతుల్ని అడగండి. అడగాల్సింది అడిగితే బేరం పోతుందనిపించినప్పుడు తప్పకుండా అడగండి.

నా ఆఖరి రోజున షోరూములో శాలువా కప్పారు, శనగపిండి ఫాఫ్డా, జిలేబీ తెప్పించారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే బయట లోడర్ ఆగింది. ఓదెలు. తొట్టిలో చీరల మూటలు ఇంకా అలాగే ఉన్నాయి, మార్కెట్‌కి పోతూ దారిలో ఆగాడు. సుగుణ ఇప్పుడు ముప్పై ఇళ్ళకి పని ఇస్తోందని, రెండో బండి సంగతి ఆలోచిస్తున్నారని చెప్పాడు.

"రేపటి సంది మాకెవ్వలు జెప్తరు రాజన్నా, ఏ బండి మంచిదో?"

"సుగుణ చెప్తది. మొదటి రోజే చెప్పింది, మనం విన్నామా?"

ఇద్దరం నవ్వుకున్నాం. చాయ్ వచ్చింది. నా కప్పు నేను తీసుకుని, అలవాటు ప్రకారం అతని చేతుల వైపు చూశాను. భుజం మీద తువ్వాల భుజం మీదే ఉంది. ఓదెలు ఎడమ చెయ్యి చాపి, మిగిలిన మూడు వేళ్ళ మీద సాసర్ నిలబెట్టుకున్నాడు. కుడిచేత్తో కప్పు వంచి నిండుగా పోసుకున్నాడు. మధ్యలో ఎవరో పలకరిస్తే అటు తిరిగి మాట్లాడాడు కూడా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, శాలువా అంచుతో తుడుచుకున్నాను.

అతను ఊదుకుంటూ తాగి, ఖాళీ సాసర్ బల్ల మీద పెట్టి, "ఇంకో చాయ్ జెప్పు రాజన్నా, ఇయ్యాల తొందరేం లేదు" అన్నాడు.